కొత్త ఎనలైజర్ వచ్చింది సరే, నమ్మేదెలా?

ఈసారి ల్యాబ్ శీర్షికకు వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఆటోమేటెడ్ కెమిస్ట్రీ ఎనలైజర్ల (రక్తంలో షుగర్, క్రియాటినిన్ లాంటివాటిని తమంతట తామే కొలిచే మెషిన్ల) చుట్టూనే తిరిగాయి. అందుకని వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది, కానీ మిగతావాటికి పునాది అదే కాబట్టి దాన్ని వదిలేసి ముందుకు వెళ్లకండి.

ప్రశ్న: మా ఆసుపత్రి ల్యాబ్‌కి కొత్త ఫుల్లీ ఆటోమేటెడ్ ఎనలైజర్ వచ్చింది. కంపెనీ ఇంజినీర్ బిగించి, క్యాలిబ్రేషన్ (తెలిసిన విలువతో మెషిన్‌ని సరిచేయడం) చేసి, రెండు లెవెల్స్ కంట్రోల్స్ (విలువ ముందే తెలిసిన పరీక్ష ద్రవాలు) నడిపారు. పాత మెషిన్‌తో పోల్చి చూశామంటూ ‘ఆర్ విలువ 0.99’ అని ఒక షీటు, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి వెళ్లారు. రేపటి నుంచే దీని మీద రిపోర్టులు ఇచ్చేయమని పైనుంచి ఒత్తిడి. ఇచ్చేయవచ్చా? — ల్యాబ్ టెక్నీషియన్

జవాబు: ఇవ్వకండి. రెండు వారాలు టైమ్ అడగండి, ఎందుకు అడుగుతున్నారో కాగితం మీద రాసి మరీ అడగండి. ఆ సర్టిఫికెట్ చెప్పేది మెషిన్ సరిగ్గా బిగించారని, అది పనిచేస్తోందని మాత్రమే. మీ గదిలో, మీ నీళ్లతో, మీ రీజెంట్ లాట్‌తో (ఒకే విడతలో తయారైన రసాయనాలతో), మీ పేషెంట్ల సీరం మీద అది సరైన నంబర్ ఇస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతకాల్సింది ల్యాబే, కంపెనీ కాదు. మెడికల్ ల్యాబ్‌ల ప్రమాణం ఐఎస్‌ఓ 15189 కూడా ఇదే చెబుతుంది: కంపెనీ చెప్పుకున్న పనితీరు మీ దగ్గర కూడా వస్తోందని వాడకంలోకి తెచ్చేముందు మీరే తేల్చుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి? మెషిన్ దగ్గర కాదు, కాగితం దగ్గర. ఒక్కో టెస్టుకి ఎంత తప్పు వరకు ఒప్పుకుంటారో ముందే రాసి సంతకం పెట్టుకోండి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, రిజల్టులు చూశాక ‘ఇంతే కదా, ఫర్వాలేదులే’ అనుకుంటారు. అలా అనుకునే అవకాశం ఉండకూడదనే ముందు రాసుకోవడం. మీకు వర్తించే పరిమితులు ఏవైనా ఉంటే అవి తీసుకోండి. లేకపోతే అమెరికా ల్యాబ్ నిబంధనలైన క్లియా పరిమితులను చాలా దేశాల్లో వాడుతున్నారు, అవి 2025 జనవరి నుంచి ఇంకా బిగిశాయి కూడా. గ్లూకోజ్‌కి 8 శాతం లేదా 6 మిల్లీగ్రాములు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. క్రియాటినిన్‌కి 10 శాతం లేదా 0.2 మిల్లీగ్రాములు. సోడియంకి 4 మిల్లీమోల్స్. పొటాషియంకి ఇదివరకు 0.5 ఉండేది, ఇప్పుడు 0.3 మిల్లీమోల్స్ మాత్రమే. ఈ 0.3 అనేది 3.0 దగ్గర 10 శాతం అవుతుంది, 6.0 దగ్గర 5 శాతమే అవుతుంది. కాబట్టి ‘పొటాషియంకి ఇంత శాతం’ అని ఒక్క ముక్కలో రాసేసుకోకండి, డాక్టర్ నిర్ణయం తీసుకునే స్థాయి ఏదో అక్కడ లెక్కగట్టండి.

ఆ తర్వాత ప్రెసిషన్. ఒకే శాంపిల్‌ని మళ్లీ మళ్లీ పెడితే అదే నంబర్ వస్తోందా అన్న పరీక్ష ఇది. ఒక్క రోజు కూర్చుని 20 సార్లు నడిపి సీవీ (సగటులో ఎంత శాతం ఊగుతోందన్న లెక్క) బాగుందని ముగించేవాళ్లు చాలామంది. దానివల్ల తెలిసేది సగమే, ఎందుకంటే మర్నాడు క్యాలిబ్రేషన్ జరిగి గది వేడెక్కి రీజెంట్ మారితే నంబర్ ఎటు పోతుందో ఆ ఒక్కరోజులో కనపడదు. ల్యాబ్ ప్రమాణాలు రాసే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ ఈపీ15 పద్ధతి మామూలు ల్యాబ్‌కి సరిగ్గా సరిపోతుంది: 5 రోజులు, రోజుకి 5 సార్లు, కనీసం రెండు లెవెల్స్. లెవెల్‌కి 25 రిజల్టులు వస్తాయి, వాటితో ఒకే రన్‌లోని తేడా, రోజులు కలిపిన మొత్తం తేడా రెండూ తెలుస్తాయి. కంపెనీ పుస్తకంలో రాసిన సీవీ కన్నా మీది కాస్త ఎక్కువొస్తే కంగారుపడకండి, 25 రిజల్టులతో చేసిన లెక్కలో అటూ ఇటూ ఊగడం సహజం. ఎంతవరకు ఊగితే ఒప్పుకోవచ్చో ఆ పద్ధతిలోనే ఒక పై హద్దు లెక్క ఉంది, దాన్ని దాటితేనే కంపెనీని పిలవండి.

ఇక మీ షీటులోని ఆ 0.99 సంగతి. నాకు బాగా చిరాకు తెప్పించే నంబర్ ఇదే. పాత మెషిన్ నంబర్ పెరిగినప్పుడల్లా కొత్త మెషిన్ నంబర్ కూడా అదే వరసలో పెరుగుతోందని మాత్రమే ఆర్ విలువ చెబుతుంది, రెండూ ఒకటే నంబర్ ఇస్తున్నాయని చెప్పదు. కొత్త మెషిన్ ప్రతి గ్లూకోజ్‌నీ 15 శాతం ఎక్కువ చూపిస్తోందనుకోండి. 80 ఉన్నది 92 అవుతుంది, 200 ఉన్నది 230 అవుతుంది, ఆర్ విలువ మాత్రం పక్కాగా 1.0 వస్తుంది. అంతకన్నా గొప్ప నంబరే లేదు! కానీ పరగడుపున 110 ఉన్న మనిషికి 126.5 వస్తుంది, షుగర్ వ్యాధి గీత 126 కాబట్టి ఒక్క రాత్రిలో ఆయన డయాబెటిక్ అయిపోతాడు. దీనికి తోడు శాంపిల్స్ ఎంత విస్తారంగా ఉంటే ఆర్ అంత అందంగా వస్తుంది. 40 నుంచి 500 దాకా ఉన్న గ్లూకోజ్ శాంపిల్స్‌తో 0.99 రాకపోతే ఆశ్చర్యపోవాలి కానీ వస్తే సంబరపడక్కర్లేదు. అదే సోడియం చూడండి, మనుషుల్లో అది ఇరుకైన పరిధిలోనే తిరుగుతుంది కాబట్టి రెండు మంచి మెషిన్ల మధ్య కూడా ఆర్ తక్కువే రావచ్చు.

మరి ఏం చేయాలి? కనీసం 40 పేషెంట్ శాంపిల్స్ ఎంచుకోండి, అన్నీ ఒకే రోజున కాకుండా నాలుగైదు రోజులకు పంచండి. ఎంచుకోవడంలోనే అసలు పనితనం ఉంది. ఆ రోజు మిగిలిపోయిన ట్యూబులన్నీ పెడితే ముప్పావు వంతు నార్మల్స్ వస్తాయి, మెషిన్ ఎక్కడా ఇబ్బంది పడదు. తక్కువ, నిర్ణయ స్థాయి, బాగా ఎక్కువ, మూడు చోట్లా శాంపిల్స్ ఉండేలా వెతికి పట్టుకోండి. రెండు మెషిన్లలోనూ రెండు గంటల లోపు నడపండి, లేకపోతే మెషిన్ల తేడాకీ శాంపిల్ పాడవడానికీ తేడా తెలియదు. పూర్తయ్యాక ప్రతి శాంపిల్‌కీ కొత్తదాంట్లోంచి పాతది తీసేసి, ఆ తేడాలను గ్రాఫ్ గీయండి. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు లాన్సెట్‌లో ఇదే పద్ధతి గురించి రాశారు, ఇప్పటికీ ఇంతకన్నా నిజాయితీగా బొమ్మ చూపించేది నాకు తెలియదు. చుక్కలన్నీ సున్నా గీత చుట్టూ పరుచుకుంటే మంచిదే. అన్నీ ఒకవైపే ఉంటే క్యాలిబ్రేషన్ చూడండి. విలువ పెరిగే కొద్దీ తేడా కూడా పెరుగుతుంటే అది నిష్పత్తిలో వస్తున్న తప్పు. ఎక్కడో ఒక్క చుక్క ఒంటరిగా దూరంగా ఉంటే దాన్ని చెరిపేయకండి, ఆ ట్యూబు వెతికి తీసి చూడండి, అందులో హీమోలైసిసో (ఎర్రకణాలు పగలడం) ఏదో మందో ఉండి ఉంటుంది.

సగటు తేడా చూసి కూడా మోసపోవద్దు. క్రియాటినిన్ 0.8 దగ్గర 0.2 ఎక్కువ, 6 దగ్గర 0.2 తక్కువ చూపిస్తే సగటు సున్నా అవుతుంది, అయినా 0.8 మనిషికి 1.0 అని రాసిచ్చారు. అందుకే రిగ్రెషన్ గీత (రెండు మెషిన్ల నంబర్ల చుక్కల మధ్యగా పోయే గీత) కూడా గీసి, నిర్ణయ స్థాయి దగ్గర తేడా ఎంతో విడిగా తీయండి. మామూలు రిగ్రెషన్ పాత మెషిన్‌లో తప్పే లేదని నమ్ముతుంది, అందుకే డెమింగ్ గానీ పాసింగ్-బాబ్లాక్ గానీ వాడతారు. ఈ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగానే దొరుకుతాయి.

ఇప్పుడు రెండూ కలపండి. గ్లూకోజ్ 126 దగ్గర బయాస్ (ఎప్పుడూ ఒకేవైపు జరిగే తేడా) 3 శాతం, సీవీ 2 శాతం వచ్చాయనుకుందాం. మొత్తం తప్పు అంటే బయాస్‌కి సీవీని 1.65తో గుణించి కలపాలి, 6.3 శాతం వస్తుంది, 8 లోపే ఉంది కాబట్టి పాస్. ఇక్కడే ఆగిపోయేవాళ్లున్నారు. సిగ్మా (పరిమితి దాటకుండా ఎంత చోటు మిగిలిందో చెప్పే నంబర్) కూడా చూడండి: ఒప్పుకునే తప్పు 8లోంచి బయాస్ 3 తీసేసి సీవీ 2తో భాగిస్తే 2.5. ఇది బాగా తక్కువ. ఈరోజు గట్టెక్కినా రేపు లాట్ మారి కొంచెం జరిగితే చాలు, పరిమితి దాటిపోతుంది, అది పట్టుకోడానికి రోజుకి ఎన్ని కంట్రోల్స్ నడిపినా చాలవు. అదే బయాస్ సరిదిద్దేస్తే సిగ్మా 4కి చేరుతుంది, రోజూ టెన్షన్ లేకుండా నడపొచ్చు. అంటే ఇక్కడ బాగుచేయాల్సింది సీవీ కాదు, బయాస్ అని కూడా ఆ లెక్కే చెప్పేసింది.

ఇవి కాక లీనియారిటీ (తక్కువ నుంచి ఎక్కువ దాకా నంబర్ సరైన నిష్పత్తిలో వస్తోందా అన్నది) చూడాలి, కంపెనీ ఇచ్చిన నార్మల్ రేంజ్ మీ జనానికి సరిపోతుందా అన్నది 20 మంది ఆరోగ్యవంతులతో చూడాలి. ఇద్దరి కన్నా ఎక్కువమంది రేంజ్ బయట పడకపోతే వాడుకోవచ్చు.

ప్రశ్న: సీవీ ఒకే రన్‌లో 1 శాతం, రోజులు కలిపి చూస్తే 5 శాతం. ఇంజినీర్ వచ్చి ‘మెషిన్ బాగానే ఉంది’ అని వెళ్లిపోయాడు. ఎవరిని నమ్మాలి? — ఇంకో ల్యాబ్ నుంచి

జవాబు: ఇంజినీర్ చెప్పింది నిజమే కావచ్చు. ఒకే రన్‌లో బాగుందంటే పిపెటింగ్, కలపడం, లైట్ అన్నీ సవ్యంగా ఉన్నాయి. రోజుల మధ్య తేడా వస్తోందంటే ముందుగా మీ కంట్రోల్‌ని అనుమానించండి. పొడి కంట్రోల్‌లో నీళ్లు ఎవరు పోస్తున్నారు, దేనితో కొలుస్తున్నారు, ఎంతసేపు కరగనిస్తున్నారు? ఒకరు 5.0 మిల్లీలీటర్లు, ఇంకొకరు 4.8 పోస్తే 4 శాతం తేడా అక్కడే వచ్చేసింది, మెషిన్‌కి సంబంధమే లేదు. ఒకే వయల్‌లో ఉన్న టెస్టులన్నీ ఆ రోజు ఒకేవైపు జరిగి ఉంటే కారణం ఇదేనని దాదాపు తేలినట్టే. అది కాకపోతే రీజెంట్ మెషిన్‌లో ఎన్నాళ్లుగా తెరిచి ఉందో, క్యాలిబ్రేషన్ ఎన్నాళ్లకోసారి చేస్తున్నారో చూడండి.

తలకిందులుగా, ఒకే రన్‌లోనే సీవీ చెడితే అప్పుడు మెషిన్‌ని తప్పుపట్టండి. అప్పుడు కూడా ఏయే టెస్టులు చెడ్డాయో చూస్తే కారణం దొరుకుతుంది. 340 నానోమీటర్ల (అతినీలలోహిత కాంతి) దగ్గర చదివే లివర్ ఎంజైమ్‌లు ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, ఇంకా యూరియా లాంటివి మాత్రమే ఊగుతుంటే ల్యాంప్ అయిపోవస్తోంది, హాలోజన్ ల్యాంప్ వెలుగు ఆ వైపు ముందే బలహీనపడుతుంది. అన్ని టెస్టులూ ఊగుతుంటే శాంపిల్ ప్రోబ్ (శాంపిల్ పీల్చే సూది), సిరంజి, క్యూవెట్ (రియాక్షన్ జరిగే చిన్న గిన్నె) కడిగే స్టేషన్ చూడండి. క్యాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ మాత్రమే తిక్కగా ఉంటే నీళ్లు చూడండి. ల్యాబ్ రీజెంట్ వాటర్ రెసిస్టివిటీ 10 మెగాఓమ్ సెంటీమీటర్లకు తగ్గకూడదు, బ్యాక్టీరియా మిల్లీలీటరుకి 10 కాలనీలు దాటకూడదు. ప్లాంట్ డిస్‌ప్లే బాగుందని ఊరుకోకండి, ప్లాంట్ నుంచి మెషిన్ దాకా వచ్చే పైపులో పాచి పట్టినా డిస్‌ప్లేకి తెలియదు.

ప్రశ్న: కొత్త మెషిన్‌లో ఏఎల్‌పీ (లివర్, ఎముకల నుంచి వచ్చే ఎంజైమ్) పాతదానికి దగ్గరదగ్గర సగమే వస్తోంది, ఆల్బుమిన్ కూడా తక్కువ. ఫిజీషియన్‌గారు ‘మీ మెషిన్ చెత్త’ అని ఫోన్ చేసి తిట్టారు. కంట్రోల్స్ మాత్రం అన్నీ రేంజ్‌లోనే ఉన్నాయి.

జవాబు: రెండు మెషిన్ల రీజెంట్ పెట్టెల్లోని కాగితాలు పక్కపక్కన పెట్టి చదవండి. ఏఎల్‌పీకి పాతది డీఈఏ బఫర్, కొత్తది ఏఎంపీ బఫర్ (రెండూ రియాక్షన్ జరిగే ద్రవాలు) అని నా ఊహ. డీఈఏతో ఎంజైమ్ ఎక్కువ చురుగ్గా పనిచేస్తుంది కాబట్టి నంబర్లు బాగా పెరుగుతాయి. రెండూ తప్పు కాదు, కానీ రెండింటి నార్మల్ రేంజ్‌లు వేరు. నంబర్ మారి, రిపోర్ట్ మీద పాత రేంజే ఉండిపోతే అప్పుడు ఆ తిట్లు మనం పడాల్సిందే. ఏఎల్‌టీ, ఏఎస్‌టీల్లో కూడా ఇలాంటిదే ఉంది. పిరిడాక్సల్ ఫాస్ఫేట్ (విటమిన్ బీ6 రూపం) కలిపిన రీజెంట్‌తో విలువలు కలపనిదానికన్నా పైకి వస్తాయి, పైగా ఆ తేడా అందరిలో ఒకేలా ఉండదు, శరీరంలో విటమిన్ బీ6 తక్కువున్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది.

ఆల్బుమిన్‌కి పాతది బీసీజీ రంగు, కొత్తది బీసీపీ అయి ఉండాలి. బీసీజీ కొన్ని గ్లోబ్యులిన్‌లను కూడా పట్టుకుంటుంది కాబట్టి ఆల్బుమిన్ తక్కువున్న పేషెంట్లలోనే ఎక్కువ చూపిస్తుంది. ఆ లెక్కన ఇప్పుడొచ్చే తక్కువ నంబరే నిజానికి దగ్గర.

కంట్రోల్స్ రేంజ్‌లో ఉండటానికి కారణం, కంపెనీ ఇచ్చే షీటులో ఒక్కో పద్ధతికీ టార్గెట్ విడివిడిగా రాసి ఉంటుంది. మీరు ఏ పద్ధతి వరస చూస్తే ఆ పద్ధతికి పాస్ అవుతారు. ఫిజీషియన్‌గారికి ఫోన్‌లో వివరించడం కష్టం. మెషిన్ మార్చేముందే వార్డులన్నిటికీ ఒక కాగితం పంపాలి: ఫలానా తేదీ నుంచి ఈ టెస్టులు ఇంత మారతాయి, కొత్త రేంజ్ ఇది అని. ఇప్పుడైనా పంపండి. రెండు మూడు నెలలు రిపోర్ట్ కిందే ఆ మాట ప్రింట్ అయ్యేలా పెట్టండి.

ప్రశ్న: హెపటైటిస్ పేషెంట్ ఏఎల్‌టీ పొద్దున 4,000 పైన వచ్చింది, సాయంత్రం 60 వచ్చింది. మెషిన్ ఏ ఫ్లాగూ (హెచ్చరిక గుర్తు) ఇవ్వలేదు. తప్పు ఎక్కడ?

జవాబు: లివర్ ఎంజైమ్ ఒక్క పూటలో అలా పడిపోదు. ట్యూబ్ మారిపోయిందేమో ముందు చూడండి, అది కాకపోతే నా అనుమానం సబ్‌స్ట్రేట్ (రియాక్షన్‌లో ఖర్చయ్యే సరుకు) అయిపోవడం. ఈ టెస్టులో ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతూ ఉంటే 340 నానోమీటర్ల దగ్గర యాబ్సార్బెన్స్ (ద్రవం కాంతిని పీల్చుకునే కొలత) పడిపోతుంది, ఎంత వేగంగా పడుతోందో మెషిన్ కొలుస్తుంది. ఎంజైమ్ మరీ ఎక్కువైతే మెషిన్ చదవడం మొదలుపెట్టేలోపే ఎన్‌ఏడీహెచ్ అంతా అయిపోయి, గీత అడ్డంగా పడుకుంటుంది. పడటం ఆగిపోయింది కాబట్టి ఎంజైమ్ తక్కువని మెషిన్ అనుకుంటుంది. తినేవాళ్లు ఎంతమందైనా, ఖాళీ గిన్నె మాత్రం ఇక తగ్గదు కదా! మంచి సాఫ్ట్‌వేర్‌లో దీన్ని పట్టుకునే యాబ్సార్బెన్స్ లిమిట్ ఉంటుంది. మీ మెషిన్‌లో ఆ లిమిట్ పెట్టలేదో, ఎవరో తీసేశారో. ఆ శాంపిల్ ఇంకా ఉంటే 10 రెట్లు డైల్యూట్ చేసి నడపండి, రియాక్షన్ గ్రాఫ్ తెరిచి కళ్లతో చూడండి.

కొత్త మెషిన్‌ని పరీక్షించేటప్పుడు ఇది తప్పకుండా చేయాల్సిన పని, కానీ చేసేవాళ్లు అరుదు. ఎక్కడైనా బాగా ఎక్కువున్న సీరం దొరికితే దాచుకుని, అలాగే ఒకసారి, 2 రెట్లు, 5 రెట్లు, 10 రెట్లు డైల్యూట్ చేసి నడపండి. డైల్యూట్ చేసినవి గుణిస్తే ఒకే నంబర్ రావాలి, చేయనిది ఫ్లాగ్‌తో ఆగిపోవాలి. ఫ్లాగ్ లేకుండా మామూలు నంబర్ వచ్చిందంటే ఆ టెస్ట్ ఆ మెషిన్‌లో అప్పటికి రిపోర్ట్ చేయకండి. కంట్రోల్స్ ఎన్ని నడిపినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే ఏ కంట్రోల్‌లోనూ అంత ఎక్కువ ఎంజైమ్ ఉండదు.

ప్రశ్న: క్యారీఓవర్ (ముందు శాంపిల్ కొంత తర్వాతి శాంపిల్‌లోకి చేరడం) 0.2 శాతమే అని కంపెనీ అంటోంది. అది తక్కువే కదా?

జవాబు: ఎవరి తర్వాత ఎవరి శాంపిల్ అన్నదాన్ని బట్టి. ఏఎల్‌టీ 4,000 ఉన్న శాంపిల్‌ని మూడుసార్లు, వెంటనే 20 ఉన్నదాన్ని మూడుసార్లు నడపండి. తక్కువదాని మొదటి రిజల్ట్ 28, మూడోది 20 వచ్చాయనుకోండి. తేడా 8ని 3,980తో భాగిస్తే 0.2 శాతం, వినడానికి ఏమీ లేదు. కానీ ఆ రెండో పేషెంట్‌కి 20 బదులు 28 రాశారు, అంటే 40 శాతం తప్పు! శాతం చూడకుండా ఆ 8 యూనిట్లు మీరు ముందే రాసుకున్న పరిమితిలో ఉన్నాయా అని చూడండి. 1957లో టెక్నికాన్ మార్కెట్లోకి తెచ్చిన మొట్టమొదటి ఆటోఎనలైజర్‌లోనే ఈ తలనొప్పి ఉంది. దాన్ని కనిపెట్టిన లియొనార్డ్ స్కెగ్స్ ఒకే గొట్టంలో వరసగా పోయే శాంపిల్స్ కలిసిపోకుండా మధ్యమధ్యలో గాలి బుడగలు పంపించారు. ఇప్పుడు బుడగల బదులు ప్రోబ్ కడుగుతున్నాం, అంతే.

శాంపిల్‌ది అందరూ చూస్తారు కానీ రీజెంట్ క్యారీఓవర్ చూడరు. ట్రైగ్లిసరైడ్ రీజెంట్‌లోనే లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అదే ప్రోబ్ తర్వాత లైపేజ్ టెస్ట్ చేస్తే పేషెంట్‌కి లేని ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) మనమే అంటగడతాం. లైపేజ్‌ని ఒంటరిగా 10 సార్లు, ట్రైగ్లిసరైడ్ వెంబడి 10 సార్లు నడిపి పోల్చండి. తేడా ఉంటే ఆ రెండింటి మధ్య అదనపు వాష్ పెట్టే ఆప్షన్ మెషిన్‌లోనే ఉంటుంది.

ప్రశ్న: ఐసీయూలో ఉన్న పేషెంట్‌కి బ్లడ్ గ్యాస్ మెషిన్‌లో సోడియం 139, ల్యాబ్‌లో 130. రెండూ ఒకే గంటలో తీసినవి. ల్యాబ్ మెషిన్‌ని రిపేర్‌కి పంపాలా? — డ్యూటీ డాక్టర్

జవాబు: ముందు ఆ సీరం పాలలా తెల్లగా ఉందేమో ల్యాబ్‌ని అడగండి డాక్టర్‌గారూ. పెద్ద ఎనలైజర్లు శాంపిల్‌ని డైల్యూట్ చేసి సోడియం కొలుస్తాయి, ప్లాస్మాలో సుమారు 93 శాతం నీళ్లుంటాయని ముందే లెక్క వేసుకుంటాయి. కొవ్వు గానీ ప్రొటీన్ గానీ మరీ పెరిగితే ఆ నీళ్ల వంతు తగ్గుతుంది, సోడియం లేనిపోనిదిగా తక్కువ వస్తుంది. గ్యాస్ మెషిన్ డైల్యూట్ చేయదు కాబట్టి దానికి ఈ బాధ లేదు. ఇలాంటి పేషెంట్‌లో గ్యాస్ మెషిన్ నంబరే పట్టుకోండి, 130ని చూసి సోడియం ఎక్కించకండి. ప్రొటీన్ బాగా పడిపోయిన ఐసీయూ పేషెంట్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది, ల్యాబ్ సోడియం కొంచెం ఎక్కువ చూపిస్తుంది. సీరం తేటగా ఉండి ప్రొటీన్ కూడా మామూలుగా ఉంటే మాత్రం 9 తేడా ఒప్పుకోకూడదు. అప్పుడు మొదట గ్యాస్ శాంపిల్‌లోని హెపారిన్, సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీశారా అన్నవి చూడండి, ఆ తర్వాతే సోడియం కొలిచే ఎలక్ట్రోడ్.

ప్రశ్న: నాకు కిడ్నీ సమస్య ఉంది. ఒకే వారంలో ఒక ల్యాబ్‌లో క్రియాటినిన్ 1.1, ఇంకో ల్యాబ్‌లో 1.3. ఏ మెషిన్ తప్పు? — ఒక పేషెంట్

జవాబు: రెండూ సరైనవే కావచ్చండీ. క్రియాటినిన్‌ని ఎక్కువ ల్యాబ్‌లు 1886 నాటి జాఫే రసాయన చర్యతోనే ఇప్పటికీ కొలుస్తున్నాయి, కొన్ని ఎంజైమ్ పద్ధతి వాడుతున్నాయి. జాఫేకి కీటోన్లు, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా క్రియాటినిన్‌లాగే కనిపిస్తాయి, కామెర్లుంటే నంబర్ తగ్గొచ్చు. అది ల్యాబ్ వైపు తేడా. మీ వైపు కూడా ఒకటుంది, ఏ జబ్బూ పెరగకపోయినా మనిషిలో క్రియాటినిన్ రోజురోజుకీ సుమారు 4–5 శాతం ఊగుతుంటుంది. ఈ రెండూ కలిపి లెక్క వేస్తే, ఒకే ల్యాబ్‌లో ఒకే మెషిన్ మీద కూడా దాదాపు 15 శాతం మారితే గానీ నిజంగా మారిందని గట్టిగా అనలేం. రెండు వేర్వేరు ల్యాబ్‌ల మధ్య 1.1, 1.3 తేడాకి భయపడకండి, అలాగని వదిలేయకండి కూడా. ఇక నుంచి ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి, ముందురోజు రాత్రి మాంసం ఎక్కువ తినకుండా వెళ్లండి, రెండు రిపోర్టులూ మీ డాక్టర్‌గారికి చూపించండి.

ప్రశ్న: కంట్రోల్ సగటుకి 2 ఎస్‌డీ (ప్రామాణిక విచలనం, నంబర్ మామూలుగా ఊగే కొలత) దాటితే మళ్లీ నడపమంటారు, వచ్చేదాకా నడుపుతూనే ఉంటాం. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. రెండు కంట్రోల్స్ నడిపితే మెషిన్‌లో ఏ తప్పూ లేకపోయినా 100 సార్లలో సుమారు 9 సార్లు ఏదో ఒకటి 2 ఎస్‌డీ దాటుతుంది. అందుకే అలవాటుగా మళ్లీ నడిపేస్తారు, ఆ అలవాటులో నిజమైన తప్పు కూడా కొట్టుకుపోతుంది. సిగ్మా 6 ఉన్న టెస్టుకి 3 ఎస్‌డీ హద్దు ఒక్కటి చాలు. 4 దగ్గరున్నవాటికి 1981లో వెస్ట్‌గార్డ్ చెప్పిన బహుళ నియమాలు (ఒకేసారి చాలా హద్దులు చూసేవి) పెట్టండి. 3కి తక్కువున్నవాటికి ఏ నియమం పెట్టినా సుఖం లేదు, టెస్టునే బాగుచేయాలి. ఎస్‌డీ కూడా మీ ల్యాబ్‌దే వాడండి. కంపెనీ షీటులోని వెడల్పాటి రేంజ్‌తో చార్ట్ గీస్తే ప్రతిరోజూ పచ్చగానే కనిపిస్తుంది.

ప్రశ్న: అన్ని పరీక్షలూ అయ్యాయి, బాగానే వచ్చాయి. పాత మెషిన్ తీసుకెళ్లిపోతామని కంపెనీ తొందరపెడుతోంది. ఇచ్చేయమంటారా?

జవాబు: కొత్తదాని మీద కనీసం ఒక రీజెంట్ లాట్ మారేదాకా ఉంచుకోగలిగితే ఉంచుకోండి, పరీక్షల్లో బాగున్న మెషిన్ అడ్డం తిరిగేది తరచుగా ఆ లాట్ మార్పు దగ్గరే. లాట్ మారినప్పుడు కంట్రోల్స్ మాత్రమే నడిపి ఊరుకోకండి. కంట్రోల్ ద్రవం అసలు సీరంలా ప్రవర్తించదు, కొత్త లాట్‌లో కంట్రోల్ కదిలి పేషెంట్లు కదలకపోవచ్చు, పేషెంట్లు కదిలి కంట్రోల్ కదలకపోవచ్చు. తక్కువ, మధ్య, ఎక్కువ ఉన్న నాలుగైదు పేషెంట్ శాంపిల్స్‌ని రెండు లాట్‌లలోనూ నడిపి చూడండి. పాతది ఇచ్చేసే రోజున దాంట్లోని డేటా మొత్తం, మీరు చేసిన పోలికల రా డేటాతో సహా, కాపీ తీసి పెట్టుకోండి. పేషెంట్ వివరాలు మెషిన్ నుంచి చెరిపేశాకే లారీ ఎక్కనివ్వండి.